జీడినూనె పట్టిన స్ప్రింగు

కాశీబుగ్గ మెకానిక్ శివాజీకి ఒక జబ్బుంది. ఏదైనా ఊడి రావడం లేదంటే, ఎందుకు రావడం లేదో తెలిసేదాకా అతనికి అన్నం సయించదు. ఊడకపోతే కోసి పారేసే మెకానిక్‌లు పలాసలో కావలసినంతమంది ఉన్నారు. వాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట.

ఆ రోజు షెడ్డులో ఎత్తిపెట్టి ఉన్నది వజ్రపుకొత్తూరు వైపు నుంచి వచ్చిన పాత ఫియట్ కారు. కొబ్బరితోట రైతు ఢిల్లేశ్వరరావుది. ఆయన భార్య కామాక్షమ్మను డయాలసిస్‌కి పలాస తీసుకొస్తూ ఉండాలి. ఆటో కుదుపులు ఆమెకు పడవు. ఈ కారు ముందుసీట్లో ఎడమవైపు, నడుముకు దిండు పెట్టుకుని కూర్చుంటేనే రాగలదు. ఇప్పుడు సరిగ్గా ఆ ఎడమ చక్రం దగ్గరే స్ప్రింగు పనిచెయ్యక, గతుకు పడ్డప్పుడల్లా ఆమె ప్రాణం పోతోంది. పొద్దున దారిలో ఆమె తేల్చి చెప్పేసింది.

"ఇంక నాను రాను మావా. సత్తే ఇంటికాడే సత్తాను."

మళ్ళీ ఎల్లుండి రావాలి. డయాలసిస్ అయ్యాక ఆమె షెడ్డులో మడతమంచం మీద కళ్ళు మూసుకుని పడుకుంది. ఢిల్లేశ్వరరావు సోంపేటలో వెతికి పట్టుకున్న మంచి స్ప్రింగు డిక్కీలో ఉంది. పాతది తీసి అది పెట్టాలి, అంతే పని.

శివాజీ చక్రం తీశాడు. స్ప్రింగు ఎగిరి మొహం పగలగొట్టకుండా గొలుసు కట్టాడు. కింద జాకీ మెల్లగా దించాడు. బిగువంతా పోయాక స్ప్రింగు చేత్తో లాగితే వచ్చేయాలి. అబ్బే! పైన గూటికి అతుక్కుని అలాగే వేలాడుతోంది. గడ్డపార పెట్టి నెట్టినా కదలదు. సుత్తితో కొడితే ఇనుము ఖంగుమనాలి కదా, ఇది దబ్బుమంది.

"ఇదేటి బాబాయ్, స్ప్రింగా, సెక్కా?" అన్నాడు శివాజీ.

ఢిల్లేశ్వరరావు రోడ్డు మీద పోయే బస్సును చూస్తూ నిలబడ్డాడు.

తుప్పేమో అనుకుని గీకితే నల్లటి పెచ్చు లేచింది. తుప్పు నల్లగా నిగనిగలాడుతుందా? వాసన చూశాడు. పలాసలో పుట్టినవాడికి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు. జీడిపిక్కల తొక్కు నుంచి తీసే నూనె, ఒంటికి తగిలితే పొక్కిపోతుంది.

"ఓరి నాయనో! స్ప్రింగుకి జీడినూనె పూసినావేటి?"

"పడవకి పూత్తే ఉప్పుగాలికి సెక్క సెడదు. ఇనుముకి పూత్తే తప్పేటి?" అన్నాడు ఢిల్లేశ్వరరావు, కాస్త రోషంగానే.

"మరి కుడిదానికి పుయ్యలేదేటి?"

శివాజీకి ఇక చేతులు ఆగలేదు. గ్యాస్ మంట పెడితే జీడిపొగకు కళ్ళు వాచిపోతాయి. అందుకని చేతులకు ఆముదం రాసుకుని, గూట్లో కిరసనాయిలు పోసి, టీ తాగొచ్చి, మళ్ళీ పోసి, గడ్డపారతో అటూ ఇటూ ఆడించాడు. చివరికి ఆ నల్లముద్ద దభీమని కింద పడింది.

గీకుతూ పోతే లోపల పీచు తగిలింది. కొబ్బరితాడు! చుట్టకూ చుట్టకూ మధ్య మెలికలు వేసి బిగించారు. తీరాన పడవ పలకలను కలిపి వేసే కుట్టు అది. కారుకు కుట్టేమిటి? శివాజీ కత్తి అందుకున్నాడు.

"తాడు కొయ్యకురా!" ఢిల్లేశ్వరరావు గట్టిగా అరిచాడు.

అప్పటికే తెగింది. స్ప్రింగు రెండు ముక్కలై సిమెంటు నేల మీద ఖంగుమంది.

ఆ చప్పుడుకు కామాక్షమ్మ లేచి కూర్చుంది. ముక్కల్ని చూసింది, మొగుణ్ణి చూసింది. "ఎప్పుడిరిగినాది మావా?"

ఆయన తెగిన తాడును కాలితో పక్కకు నెట్టాడు. "నిరుడు వానల్లో. తెల్లారితే నిన్ను తేవాల. స్ప్రింగు ఎక్కడా దొరకలేదు. పడవ కుట్టినట్టు కుట్టీసి జీడినూనె పూసీసినాను. సెప్తే బయపడి కారెక్కవని..."

ఏడాది పాటు ఆ గతుకుల్లో విరిగిన స్ప్రింగు మీద! శివాజీ తిట్టబోయాడు గాని, కామాక్షమ్మ లేచి రావడం చూసి పక్కకు తప్పుకున్నాడు.

ఆమె ఢిల్లేశ్వరరావు చేతులు రెండూ పట్టుకుని తిరగేసింది. అరచేతుల్లో పాత పొక్కుల మచ్చలు ఇంకా ఉన్నాయి.

"తోటలో జీడి కాలినాదన్నావు. నానే గదా కొబ్బరినూనె రాసినాను. అన్నం కూడా నానే కలిపి పెట్టినాను. ఇంత అబద్దమాడతావా?" కోపంగానే అంది. కళ్ళ నిండా నీళ్ళు.



కొత్త స్ప్రింగు కూర్చుంది. జాకీ దిగింది. కారు రెండువైపులా సమంగా నిలబడింది. ఢిల్లేశ్వరరావు ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు గాని, అడగడానికి భయం.

కామాక్షమ్మ సీట్లో దిండు సర్దుకుంది.

"ఎల్లుండి ఎన్నింటికి బయల్దేరుదుం మావా?" అంది.