బల్లి పాదానికి తగిన కెమెరా

పెద్దాయన ముప్పై నాలుగేళ్ళు ఒక పెద్దాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో ఫోటోగ్రాఫరుగా పనిచేసి, గౌరవంగా పదవీ విరమణ చేసినవారు. తామర, గజ్జి, కాలిన గాయాలు, చీము పట్టిన పుళ్ళు, రంగు పోయిన మచ్చలు, ఇలా మనిషి తోలు మీద పుట్టగలిగినదంతా ఆయన కెమెరా ముందుకు వచ్చి వెళ్ళింది. ఒక్కనాడూ ఆయన ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకోలేదు. మనం మొహం చిట్లిస్తే రోగి సిగ్గుపడతాడనీ, సిగ్గుపడిన రోగి ఒళ్ళు దాచుకుంటాడనీ, దాచుకున్న రోగం ఫోటోలో పడదనీ కొత్తగా చేరినవారికి చెప్పేవారు. అటువంటి మనిషికి, కోడలు పెంచుకుంటున్న బల్లిని చూస్తే మాత్రం కడుపులో దేవేది.

గోడ మీద తిరిగే మామూలు బల్లి అయితే ఆయన ఏదో విధంగా సహించి ఉండేవారు. ఇది జానెడు పొడవుండేది. పసుపు తోలు మీద నల్లమచ్చలు, కొవ్వు పట్టి బొటనవేలంత లావెక్కిన తోక. గాజుపెట్టెలో, వెచ్చటి దీపం కింద, రాతిపలక మీద పొట్ట ఆనించి పడుకొని, గుమ్మంలోకి వచ్చినవారిని నింపాదిగా రెప్పలార్పుతూ చూసేది. కోడలు దానికి దొరసాని అని పేరు పెట్టింది. పక్క పెట్టెలో ఒక గడ్డపు తొండ ఉండేది. కింది అరలో వాటి భోజనం: ఒక డబ్బాలో కీచురాళ్ళు, మరో డబ్బాలో తవుడులో మసలే పురుగులు. ఆ గది ముందునుంచి నడిచినప్పుడల్లా తడి ఇసుక, మాగిన తవుడు, ఇంకేదో పేరు పెట్టలేని మాంసపు వాసన కలిసి ఆయన గొంతుకు అడ్డం పడేవి. అందుకని స్నానానికి వెళ్ళాలన్నా వంటింటి వైపునుంచి చుట్టు తిరిగి వెళ్ళేవారు.

కోడలిది లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఉద్యోగం. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు మీట నొక్కితే ఫోనెత్తి, మనిషి వచ్చేదాకా వాళ్ళకు ధైర్యం చెబుతూ ఉండాలి. ఎటువంటి కంగారు మనిషినైనా మాటలతో నిలబెట్టగల పిల్ల, ఆ శనివారం ఉదయం తానే కంగారుపడుతూ ఆయన గదికి వచ్చింది.

"మావయ్యా, ఒక్కసారి దొరసాని కాలు చూడరూ. ఎడం ముందుకాలు. నల్లబడుతోంది."

"చూడడానికి నేనేమైనా దాని మేనమామనా?"

"మూడు వారాల కింద మీరే కదా ఫోటో బాగుందన్నారు."

"ఫోటో బాగుందన్నాను. కాలు బాగుందనలేదు."

జరిగిందిది. మూడు వారాల క్రితం దొరసాని కుబుసం విడిచింది. ఆ తరువాత ఎడమ పాదం కొంచెం ఉబ్బినట్టు కోడలికి తోచింది. ఇటువంటి జంతువులను చూసే వైద్యురాలు దూరపు ఊళ్ళో ఉంటుంది. ఫోటో పంపితే చూసి సలహా చెబుతుంది. కోడలు అప్పుడే కెమెరా కొందామంది. బల్లి కాళ్ళకు కెమెరా ఏమిటి, చేతిలో ఫోను లేదా అని పెద్దాయన తీసిపారేశారు. ఆమె ఫోనుతో తీసి తెచ్చి చూపిస్తే, దాన్ని చేయి చాపినంత దూరంలో పట్టుకొని, "స్పష్టంగా ఉంది, పంపించు" అన్నారు. వైద్యురాలు ఆ ఫోటో చూసి, వేళ్ళ మీద పాత చర్మమేమీ మిగల్లేదు, ఎక్కడో తగిలి కమిలి ఉంటుంది, ఆగి చూడండి అంది.

ఆగి చూస్తే నల్లబడింది. ఇప్పుడు ఆవిడ, పొలుసు పొలుసూ విడిగా కనబడే ఫోటో సాయంత్రం అయిదింటిలోగా కావాలంది. తెల్లవారితే ఆవిడ పది రోజులు ఊళ్ళో ఉండదు. లోపల కుళ్ళు పట్టి ఉంటే ఇక్కడి పశువుల డాక్టరు చేత పాదం తీయించక తప్పదట. కాకపోతే కాపాడవచ్చునట. ఏ సంగతీ ఫోటో చూస్తే గాని చెప్పలేనంది.

"కెమెరా కొనాలి మావయ్యా. ఏది కొనాలో నాకు తెలీదు. మీకు తెలుసు."

పెద్దాయన కళ్ళజోడు తుడుచుకున్నారు. తెలుసునన్న మాటకు ఆయన ఎప్పుడూ లొంగుతారు.

"సరే. ఆ ప్రాణిని కూడా తీసుకురా."

"కొట్టుకా?"

"మా విభాగానికి కెమెరా అమ్మవచ్చిన ప్రతివాడిచేతా నిజమైన పుండునే ఫోటో తీయించేవాణ్ణి. గులాబీ పువ్వును ఎవడైనా తీస్తాడు."

ఆ నియమం తనకే చుట్టుకుంటుందని ఆయనకు కారెక్కాక తెలిసింది. కారు నడిపేది కోడలు. మూతకు చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ఆయన ఒళ్ళోకి చేరింది. మలుపు తిరిగినప్పుడల్లా లోపల ఒక మెత్తటి బరువు జారి, గోళ్ళు ప్లాస్టిక్‌ను గీరేవి. ఆ గీరుడు ఆయన తొడలగుండా వెన్నులోకి పాకేది. సగం దారిలో దొరసాని డబ్బాలో తెలుపూ గోధుమా కలిసిన ఒక ముద్ద విసర్జించింది. ఆ కంపు చిల్లుల్లోంచి సరిగ్గా ఆయన ముక్కు కిందికి వచ్చింది.

"కిటికీ దించు," అన్నారాయన, పళ్ళ మధ్యనుంచి.

"దానికి చలి పడదు మావయ్యా."

"నాకు కంపు పడదు."

కోడలు వేలెడంత మాత్రం దించింది.

కొట్టు నిండా గాజు బల్లలు, వాటి నిండా తెల్లటి వెలుతురు. అమ్మకందారు మధ్యవయసు మనిషి. టై బిగించుకొని, అత్తరు దిట్టంగా పూసుకొని ఉన్నాడు.

"రండి సార్. ఏం తీస్తారు? పెళ్ళిళ్ళా, పక్షులా?"

"బల్లి."

"సార్ జోకేస్తున్నారు."

"నాకు ఆ అలవాటు లేదు."

కోడలు డబ్బా మూత తీసింది. అమ్మకందారు బల్లనుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. అంతవరకూ ఆ మనిషి మీద లేని గౌరవం పెద్దాయనకు ఒక్క క్షణం కలిగింది. అతడు మొదటి కెమెరా అందించేసరికి అదీ పోయింది.

అది అరచేతిలో పట్టే తళతళలాడే కెమెరా. "దీనిలో స్పెషల్ ఏంటంటే సార్, ముడతలు, మచ్చలు అన్నీ అదే తీసేస్తుంది. మిమ్మల్ని తీసినా పదేళ్ళు తగ్గిపోతారు."

"మచ్చల కోసమే వచ్చానండీ. అవి తీసేస్తే ఇక ఫోటోలో ఏముంటుంది?"

అయినా పరీక్షించారు. కోడలు బల్లిని పట్టుకుంది. ఆయన తీసి, తెర మీద పెద్దది చేశారు. పాదం మైనంతో పోతపోసినట్టు నున్నగా ఉంది. ఒక్క పొలుసు లేదు. ఆయన మొహంలో వెగటు కనబడింది. అది బల్లిని చూసి కాదు. రోగం మీద పౌడరు అద్ది పంపించే ఈ యంత్రాన్ని ఆసుపత్రిలోకి తెచ్చినవాణ్ణి ఆయన గేటు దాకా సాగనంపి ఉండేవారు.

రెండోది మూరెడు లెన్సున్న బరువైన కెమెరా. "చంద్రుడి మీద గుంటలు కూడా పడతాయి సార్."

"పాదం చంద్రుడి మీద లేదు," అని ఆయన దగ్గరికి జరిగి చూశారు. రెండు గజాల లోపల దానికి ఏదీ స్పష్టంగా కనబడదు. దూరంగా నిలబడవచ్చునన్న ఆశతో ఆయన దానివైపు కొంత మొగ్గారు గాని, రెండు గజాలనుంచి తీస్తే పాదం మెంతిగింజంత పడింది. తిరిగి ఇచ్చేశారు.

మూడోదాన్ని ఆయనే చూపించారు. అద్దాల బల్ల అడుగు అరలో, రెండేళ్ళ కిందటి రకం, ఎవరూ అడగని నల్లటి కెమెరా. దగ్గరి వస్తువులను తీసే లెన్సు దానికి విడిగా తగిలించారు. ఆయన దాని సెట్టింగుల పట్టికలన్నీ ఒక్కొక్కటే తెరిచి, నున్నగా చేసేవి, రంగు పెంచేవి, సొంత తెలివి చూపేవి అన్నీ ఆపేశారు. బల్ల మీది దీపాన్ని లాగి, వెలుతురు పాదానికి ఎదురుగా కాక పక్కనుంచి పడేట్టు వంచారు. తోలు మీద వెంట్రుకంత ఎత్తున్నా దాని నీడ పడాలంటే అలాగే వంచాలి. ఆ పని ఆయన చేతులకు ఇంకా గుర్తుంది.

తీసి, పెద్దది చేసి చూశారు.

నాలుగు వేళ్ళకు నాలుగు సన్నటి ఉంగరాలు. విడవని కుబుసం, ఎండి, బిగిసి, దారంతో కట్టినట్టు వేళ్ళను నొక్కేస్తోంది. వాటికి అవతల మూడు వేళ్ళు ఉబ్బి వంకాయరంగుకు తిరిగాయి. మధ్యవేలి కొస నల్లగా ఎండిపోయింది.

"మొన్నటి ఫోను ఫోటో తియ్యి," అన్నారు.

కోడలు తీసింది. ఆ వేళ్ళే, ఆ కోణమే. ఉంగరాలు ఉండవలసినచోట నున్నటి పసుపు తోలు. తనకు కనబడనిచోట ఫోను ఊహించి పూడ్చేసింది. ఆ అబద్ధం చూసే వైద్యురాలు ఆగమంది. ఆ అబద్ధాన్ని పాస్ చేసింది ఆయన.

"నాకప్పుడే అనుమానమొచ్చింది మావయ్యా," అంది కోడలు మెల్లగా. "వేళ్ళ చుట్టూ ఏదో మెరిసినట్టనిపించింది. మీరు స్పష్టంగా ఉందన్నాక, నా కళ్ళే బాగాలేవనుకున్నా."

రోగి ఒళ్ళు కళ్ళారా చూడకుండా ఏ ఫోటోకీ సంతకం పెట్టకూడదన్నది విభాగంలో ఆయన పెట్టిన నియమం. తప్పినవాడి ఫోటోలను వాడి ముందే చింపేవారు. అటువంటి తాను, పది అడుగుల దూరంలో ఉన్న పాదాన్ని చూడడానికి మూడు వారాలపాటు గుమ్మం దాటలేదు. ఎందుకంటే రోత. ఇప్పుడు ఆ రోత కిందనుంచి మీదికి ఎగబాకి వచ్చింది గాని, ఎవరి మీద చూపాలో తెలియలేదు. అద్దాల బల్లలో తన మొహమే కనబడింది.

"ఏదో ఒకటి తీసుకోండి సార్," అన్నాడు అమ్మకందారు. "లోపలికొచ్చేవాళ్ళు దాన్ని చూసి అటునుంచి అటే పోతున్నారు."

"ఇదే తీసుకుంటున్నాం. బిల్లు రాయండి."

కోడలు అక్కడే ఫోటో పంపింది. అయిదు నిమిషాల్లో వైద్యురాలు ఫోను చేసింది. కోడలు ఇద్దరికీ వినబడేట్టు పెట్టింది.

"దీన్ని కదమ్మా ఫోటో అంటారు. ఇన్నాళ్ళూ ఆ మొదటిదాన్ని నమ్మి ఆగమన్నాను కదా. దాన్ని ఎవరైనా సరిచూశారా అసలు?"

కోడలు నోరు తెరిచింది. పెద్దాయన చేయెత్తి ఆపారు.

"నేను చూశానమ్మా. ముప్పై నాలుగేళ్ళు ఇదే నా వృత్తి. పాదం చూడకుండా, ఫోటో మాత్రం చూసి సరేనన్నాను."

అవతలనుంచి వైద్యురాలు అంది: "సరేనండి. ఇప్పుడు చెప్పేది వినండి. గోరువెచ్చటి నీళ్ళలో ఇరవై నిమిషాలు పాదాలు నానబెట్టండి. తడి దూదిపుల్లతో ఉంగరాన్ని కొసవైపు దొర్లించండి. లాగొద్దు. మధ్యవేలి కొస ఎలాగూ పోయింది, ఆశ పెట్టుకోకండి. మిగతా మూడింటికి రంగు తిరిగితే పాదం ఉంటుంది. తిరక్కపోతే తీయించాల్సిందే. అయిదులోపు ఫోటో పంపండి. చేతులు వణకనివాళ్ళే చెయ్యాలి."

ఇంటికి వచ్చి పళ్ళెంలో నీళ్ళు పోసేసరికే కోడలి చేతులు వణుకుతున్నాయి. ఇరవై నిమిషాలయ్యాక ఆమె దూదిపుల్ల పట్టుకొని, ఆనించి, తీసేసింది.

"నా వల్ల కాదు మావయ్యా. తెగిపోతుందేమో."

"ఇటివ్వు."

ఆయన చొక్కా చేతులు మోచేతులదాకా మడిచారు. ఎడమ అరచేయి చాపితే కోడలు బల్లిని అందులో పెట్టింది. జిగటగా ఉంటుందనుకున్నారు, పొడిగా ఉంది. అందువల్ల ఏమీ మేలు కలగలేదు. పల్చటి పొట్ట తోలు కింద దాని గుండె అరచేతిలో టపటప కొట్టుకుంటుంటే, పురుగుల డబ్బాలో చేయి పెట్టినట్టే ఒళ్ళు గగుర్పొడిచింది. అయినా దూదిపుల్లను మొదటి వేలి మొదట్లో ఆనించి దొర్లించారు.

మొదటి ఉంగరం తడిసిన ఉల్లిపొరలా ముడుచుకొని వచ్చింది. రెండోది అంత సుళువుగా రాలేదు. దాని కిందనుంచి చేపల బుట్ట కడిగిన నీళ్ళ వాసన వేసింది. మూడోదానితో, అంటే మధ్యవేలి దానితో, కొస కూడా వచ్చేసింది. ఆవగింజంత నల్లటి ముక్క, చిన్న గోటితో సహా, దూదికి అంటుకొని ఉంది. కోడలు తల తిప్పుకుంది. పెద్దాయన తిప్పుకోలేదు; తిప్పుకోవాలని మాత్రం మనసంతా కోరుకుంది.

"పారేయనా?" అంది కోడలు.

"తెల్ల కాగితం మీద పెట్టు. దానికీ ఫోటో కావాలి. నాకిప్పుడు మాటలు చెప్పు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకు ఏం చెబుతావో అదే చెప్పు."

"మీరు క్షేమంగానే ఉన్నారండీ," అంది కోడలు, గొంతు సర్దుకొని. "కంగారుపడకండి. మనిషి బయల్దేరాడు."

"మనిషి వచ్చేశాడులే," అని ఆయన నాలుగోది దొర్లించారు.

నాలుగున్నరకు చూస్తే రెండు వేళ్ళకు లేత గులాబీరంగు తిరిగింది. మూడోది మాత్రం వంకాయరంగు వదలనూ లేదు, నల్లబడనూ లేదు. ఆయన దీపం వంచి, ఉన్నది ఉన్నట్టు తీశారు. దాని కింద కోడలిచేత రాయించారు: ఈ ఫోటోను పాదంతో పోల్చి చూడడమైనది. జవాబు వెంటనే వచ్చింది. పాదం తీయనక్కరలేదు, రంగు తిరగని వేలికి వారం గడువు, రోజూ ఒక ఫోటో తీసి ఉంచండి.

కోడలు కళ్ళు తుడుచుకొని, "చేతులు కడుక్కోండి మావయ్యా, సబ్బు పెట్టాను," అంది.

"ఉండు. తక్కిన మూడు పాదాలూ నేను చూడలేదు."

"అవి బాగానే ఉన్నాయి."

"ఎవరన్నారు?"

కోడలు బల్లిని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది. పెద్దాయన కళ్ళజోడు సర్దుకొని, ఊపిరి బిగబట్టి, ముక్కు తగిలేంత దగ్గరికి వంగారు. కుడి ముందుకాలు, వేలి తరువాత వేలు. తరువాత వెనుక కాళ్ళు. దొరసాని నిదానంగా నాలుక చాపి ఆయన కళ్ళద్దాన్ని అడ్డంగా నాకింది. ఆయన ఒళ్ళంతా జలదరించింది. తల మాత్రం వెనక్కి తీయలేదు. వెనుక ఎడమకాలి చిటికెనవేలు ఇంకా చూడవలసి ఉంది.