మందుల షాపు నంబరు

పదకొండో పేరు దగ్గర ఆయన పెన్సిల్ ఆగిపోయింది. ఎడమ పక్క తెర మీద ఆమె కట్టిన వాయిదాలన్నీ ఉన్నాయి, కుడి పక్క తెర మీద ఒక్కటీ లేదు. నిన్న సాయంత్రం ఇంటికి వెళ్లేముందు ఆయనే స్వయంగా ఎక్కించాడు. మొన్నా ఎక్కించాడు. కోపంతో నొక్కిన నొక్కుకు పెన్సిల్ మొన పుటుక్కున విరిగింది.

అది వాయిదాల మీద కుట్టుమిషన్లు అమ్మే కంపెనీ. ఆయన అక్కడ ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. సన్నటి మనిషి. మెడ ఎప్పుడూ ఒక పక్కకు వాలి ఉంటుంది, రెండు తెరలనూ ఒకేసారి చూసీ చూసీ. సరిపోయిన ప్రతి పద్దు పక్కనా పెన్సిల్‌తో టిక్కు పెడతాడని ఆఫీసంతా ఆయన్ని టిక్కు బాబాయ్ అంటుంది.

లెక్కలవాళ్ల సాఫ్ట్‌వేర్ ఒకటి, అమ్మకాలవాళ్లది ఇంకొకటి. డబ్బు అందిన సంగతి మొదటిదానికి తెలుస్తుంది. ఎవరింటికి వసూలుకు పోవాలో రెండోది చెబుతుంది. రెండింటికీ మాటల్లేవు. ఒకదానికి అత్తగారనీ రెండోదానికి కోడలనీ ఆయనే పేర్లు పెట్టాడు. రోజూ పొద్దున్నే ఇక్కడి మాట అక్కడికి చేరవేసి, అనుమానం వస్తే ఫోన్ చేసి కనుక్కుని, ఇన్నేళ్లూ ఆ కాపురాన్ని నెట్టుకొచ్చాడు. తనకూ అత్తగారికీ మధ్య ఏనాడూ నోరు మెదపని మనిషి మిషన్ల కాపురం మాత్రం భలే చక్కదిద్దుతాడని ఇంట్లో ఆయన భార్య దెప్పేది.

కిందటి వారం పైవాళ్లు ఆ రెంటినీ కలిపే కొత్త ప్రోగ్రాం ఒకటి పెట్టించారు. గంట కొట్టినట్టు గంటకోసారి అదే అన్నీ కలుపుతుంది. ఫోన్ నంబరును బట్టి మనిషిని గుర్తుపడుతుంది. ఒక నంబరుకు ఒకే మనిషి, అదే దాని చట్టం.

బజారు వెనక సందులో ఏడుగురు ఆడవాళ్లు ఈ కంపెనీ మిషన్ల మీద కుట్టి బతుకుతున్నారు. వాళ్ల ఇళ్లలో ఫోన్లు మగవాళ్ల జేబుల్లో ఉంటాయి. అందుకని ఏడుగురూ సందు మొదట్లోని మందుల షాపు నంబరే ఇచ్చారు. బాబాయ్ ఫోన్ చేస్తే షాపాయన, “ఏ ఆవిడండీ, కళ్లద్దాల ఆవిడా, కవలల తల్లా?” అని అడిగి కేకేసి పిలిచేవాడు. కొత్త ప్రోగ్రాం ఎవరినీ ఏమీ అడగలేదు. రెండేళ్ల చెల్లింపులన్నీ తిరగదోడి, ఏడుగురూ కట్టినదంతా మొదటి ఆమె ఖాతాలో కుమ్మరించింది. మిగతా ఆరుగురూ పైసా కట్టని ఎగవేతదారులై కూర్చున్నారు. ఆయన చేత్తో సరిచేస్తే మళ్లీ గంటకల్లా అది తుడిచేస్తోంది. సోమవారం మేనేజరుకు చెప్పాడు. కొత్తలో అలాగే ఉంటుంది, అదే సర్దుకుంటుందన్నాడు. మంగళవారం మళ్లీ చెబితే రాసి పంపమన్నాడు. రాసి పంపాడు. ఇవాళ గురువారం.

పదకొండు దాటాక వసూళ్ల వ్యాను వచ్చింది. మూడు వాయిదాలు తప్పితే మిషన్ ఎత్తుకురావడం కంపెనీ పద్ధతి. డ్రైవరు దించిన మిషన్‌ను చూసి బాబాయ్ కుర్చీలోంచి లేచాడు. సూది కింద సగం కుట్టిన బడి చొక్కా ఇంకా ఇరుక్కునే ఉంది. దాని చేయి ఒకటి నేల మీద జీరాడుతోంది.

వెనకే కళ్లద్దాల ఆవిడ నడిచి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో రసీదులన్నీ వరసగా ఉన్నాయి. ఏడవలేదు. ఎల్లుండికి నలభై చొక్కాలు ఇవ్వాలనీ, ఇవ్వకపోతే బడివాళ్లు ఇంకెప్పుడూ పని ఇవ్వరనీ చెప్పింది. మేనేజరు రసీదులు చూశాడు. కాగితాలు బాగానే ఉన్నాయిగానీ సిస్టమ్‌లో కనబడితేనే మిషన్ వదలగలనని, పైవాళ్లకు రాశానని, వారం ఆగమన్నాడు.

“వారమా? ఆ రసీదుల మీద సంతకం ఎవరిదో చూడండి సార్,” అన్నాడు బాబాయ్.

“నీదే. కాదన్నానా బాబాయ్? నా చేతిలో లేదంటున్నాను.”

“ఆ మిషన్ ఎత్తుకురమ్మన్నప్పుడు మీ చేతిలోనే ఉందిగా.”

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మాత్రం పెరగలేదు. ఇరవై రెండేళ్లు దిగమింగిన కోపం అరవడం ఎలాగో మరిచిపోయినట్టుంది. పొద్దున దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు ఆయనకో ఆలోచన వచ్చింది. పైన కూడా పుస్తకాలు రెండుంటాయేమో, ఇక్కడ మనం పడ్డదంతా ఒకదాంట్లో పడి రెండోదాంట్లోకి చేరడం లేదేమో. చేరవేసేవాడు ఎవడో ఒకడు ఉండకపోతాడా అని అప్పుడు సర్దిచెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ చొక్కా చేయి నేలకు రాసుకుంటుంటే ఆ సర్దుబాటు నిలవలేదు.

తన బల్ల దగ్గరికి వెళ్లాడు. ఆరు కాగితాల మీద ఆరుగురి పేర్లు రాసి, ఇవాళ్టి దాకా బాకీ ఏమీ లేదని సంతకం పెట్టి, కంపెనీ ముద్ర గట్టిగా దిగేలా కొట్టాడు. అవి ఆవిడ చేతికిచ్చి, మిగతా అయిదుగురికీ పంచమని, వ్యాను వస్తే ఇవి చూపించమని చెప్పాడు. తర్వాత నేల మీది చొక్కా చేయిని దులిపి మిషన్ మీద వేసి, ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క డ్రైవరు పట్టుకున్నాడు, తల ఎత్తకుండా.

“పొద్దున్నే అనుకున్నానండీ ఆమె కట్టే ఉంటుందని,” అన్నాడు డ్రైవరు నెమ్మదిగా.

గుమ్మం దాటుతుంటే మేనేజరు వెనకనుంచి అన్నాడు, “అది బయటికెళ్తే నువ్వు మళ్లీ లోపలికి రాలేవు బాబాయ్. ఆలోచించుకో.”

“గంట తిరిగేసరికి మీ ప్రోగ్రాం నన్ను కూడా తుడిచేస్తుంది లెండి,” అన్నాడాయన.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. చీటీ లేకుండా సామాను వదిలితే తన ఉద్యోగం పోతుందని, ఏదో ఒకటి తాకట్టుగా రాసుకోక తప్పదని నసిగాడు. అతనిదీ కడుపే. బాబాయ్ మెడలోని గుర్తింపు కార్డు తీసి అతని చేతిలో పెట్టి, ఆటో పిలిచి, మిషన్‌నూ ఆవిడనూ ఎక్కించి, తాను ఆటోవాలా పక్కన సగం సీటు మీద కూర్చున్నాడు. ఆటో బజారు వైపు తిరిగింది.

ఆ కార్డును తీసుకుపోవడానికి సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. వాచ్‌మన్ దాన్ని తాళాల పక్క మేకుకు తగిలించాడు. గాలి వీచినప్పుడల్లా అది గోడకు తిరిగి మళ్లీ ఇటు తిరుగుతోంది, దాని మీది పాత ఫోటోలో ఒత్తుగా నల్లటి జుట్టుతో, నిటారు మెడతో, ఉద్యోగం దొరికిన సంతోషం దాచుకోలేని ఒక కుర్ర మొహం.