లాకప్పులో మోగిన క్లారినెట్

నేను ఒక లాకప్పు రిజిస్టరును. నల్ల అట్ట, ఎర్ర గుడ్డ వెన్ను, రెండు వందల పేజీలు. మనిషిని లోపల పెట్టేముందు నా మొదటి గడిలో అతని పేరు రాయాలి, అంతే. ఆ మాత్రం పనికి మనుషులు వెతికే వంకలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఊళ్లో అల్లర్లు రేగి కర్ఫ్యూ పెట్టిన మూడో రోజు పొద్దున కూర్మయ్యను పట్టుకొచ్చారు. పాపం, పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. జరీ కుచ్చులు, ఇత్తడి గుండీలు ఉన్న ఎర్ర కోటు చూసి ఏదో సేనకు నాయకుడనుకున్నారు.

"పేరు రాయొద్దు. సాయంత్రం వ్యానులో పొరుగు జిల్లాకి పంపేద్దాం. ఎవరడిగినా ఇక్కడ లేడనే చెబుతూ ఉండండి," అన్నాడు ఎస్సై.

హెడ్ కానిస్టేబులు దమయంతి నన్ను తెరిచి పట్టుకుంది. "కుదరదు సార్. ఎన్ని అల్లర్లయినా పట్టుకున్న మనిషిని దాచకూడదని దేశదేశాలవాళ్లు కూర్చుని రాసుకున్నారు. ట్రైనింగులో మనకీ చెప్పారు కదా."

"దేశాలొచ్చి ఇక్కడ డ్యూటీ చేస్తాయా? వస్తువులు మాత్రం రాయి. అవి పోతే మన మెడకు చుట్టుకుంటుంది."

మనిషి పోతే ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆయన చెప్పలేదు. నాకు ఒళ్లు మండింది. దమయంతి మాత్రం బుద్ధిగా వస్తువుల గడిలో 'క్లారినెట్ ఒకటి' అని రాసి తలెత్తింది.

"పనిచేస్తోందో లేదో కూడా రాయాలి సార్. ఏదీ, వాయించవయ్యా."

ఇందులో ఎస్సైకి తప్పేం కనబడలేదు. కూర్మయ్య ఊదితే మొదట కీచుమంది. రెండో ఊపిరికి శ్రుతి కుదిరి ఊరేగింపు పాట అందుకున్నాడు. సెంట్రీ బూటు కూడా తాళం వేసింది.

కర్ఫ్యూ సడలించిన వేళ అది. గేటు బయట గంటసేపటి నుంచి 'ఇక్కడెవరూ లేరు' అనిపించుకుంటున్న అతని భార్య పైడమ్మ గబుక్కున లేచింది.

"లేడన్నారు గదేటి బాబూ! మరి ఊదుతున్నదెవులు, మీ ఎస్సై బాబా? మా ఇంటాయన ఊపిరి నాను పోల్చుకోలేనేటి?"

పాలకూ కూరలకూ వచ్చినవాళ్లంతా గేటు దగ్గర మూగారు. ఒకటే నవ్వులు. ఎస్సై ముఖం కోటు రంగుకు తిరిగింది.

"సరే, రాసి చావు," అన్నాడు.

దమయంతి కలం తీసి, తెలిసే అడిగింది, "పేరు?"

"కూర్మయ్య!" అని గేటు బయట జనమంతా ఒక్కసారిగా అరిచారు. ఆ క్షణాన నా ఆనందం ఇంతా అంతా కాదు.

మర్నాడు మేజిస్ట్రేటు అతన్ని ఇంటికి పంపేశాడు. నేనిప్పుడు రికార్డు గదిలో చెదలకు విందు పెడుతున్నాను. తిననివ్వండి. ఆ పేజీ మిగిలినంత కాలం, ఎవరొచ్చి అడిగినా, ఆ రోజు కూర్మయ్య ఇక్కడే ఉన్నాడని చెబుతాను.