వదరమాక

కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే కెజియా ఆ మాట విన్నది. అత్తగారి ఊరు ఇందుకూరుపేట దగ్గరి పల్లె. నెల్లూరులో తమ వీధి కుక్క చర్చి గంట కొట్టగానే ఎలా ఊళపెడుతుందో అత్త రెబెక్కమ్మకు చెబుతోంది. ఆమె చింతపండు పిసుకుతూ, తలెత్తకుండానే అంది.

"వదరమాక మే."

అర్థం తెలియక కెజియా భర్తనడిగింది. టైటస్ నవ్వాడు.

"మా తాత కాలం మాట. ఇప్పుడు మాయమ్మ తప్ప ఎవురూ అనరు. వదరడమంటే ఊరికే వాగడం. ఎవురూ అడక్కపోయినా, ఆపకుండా."

"తిట్టేగా అయితే?"

"పెద్ద తిట్టు కాదులే."

కెజియాకు పెద్దదే అనిపించింది. కూరలో ఉప్పు గురించి అన్నా, పక్కింటి మేక ఈనిందన్నా అదే మాట. మెల్లగా ఆమె మాటలు తగ్గిపోయాయి. టైటస్ రొయ్యల గుంటల కాపలాకు పోతే ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడేది కాదు. తల్లి ఫోన్ చేసినా "ఆ", "ఊ" అనేది. "ఒంట్లో బాగలేదామ్మే?" అని తల్లి భయపడేది.

మొన్నటి తుఫానుకు కాలవ గట్టు తెగింది. టైటస్ గుంటల దగ్గరే చిక్కుకుపోయాడు. పొద్దున్నే నీళ్లు గడప దాటి మంచాన్ని ఎత్తేశాయి. కెజియా నిచ్చెన వేసి అత్తను అటక మీదికి నెట్టింది. తాను ఎక్కేలోపు నిచ్చెన కాళ్ల కిందనుంచి జారిపోయింది. ఎలాగో దూలం పట్టుకుని పైకి పాకింది. వంగి కూర్చుంటే తప్ప ఇద్దరికీ చోటు లేదు. నెత్తికి పెంకులు, కింద నీళ్లు. ఫోన్లు ఆ నీళ్లలోనే ఎక్కడో ఉన్నాయి.

రెబెక్కమ్మ ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది. చెవులు మూసుకుంది.

"ఆ నీళ్ల చప్పుడు నేను వినలేను మే. ఏదన్నా చెప్పు."

"ఏం చెప్పాలత్తా?"

"ఏదో ఒకటి. వదరు. వచ్చిన కొత్తల్లో వదరేదానివి గదా."

కెజియా నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మొండితనం కాదు, నిజంగానే లోపల ఏమీ దొరకలేదు. నీళ్లను చూసినప్పటికన్నా ఎక్కువ భయమేసింది.

"నాకు రావడంలే అత్తా. నువ్వొద్దన్నావని మానుకున్నా. ఇప్పుడు రావడంలే."

రెబెక్కమ్మ చెవుల మీంచి చేతులు తీసేసింది. తర్వాత తనే మొదలుపెట్టింది. చిన్నప్పుడు సండే స్కూలు నాటకంలో గొల్యాతు వేషమేసి, దావీదు రాయి విసరకముందే భయంతో పడిపోయిన సంగతి. మైపాడు అలల్లో చెప్పు పోతే, రెండోది కూడా సముద్రంలోకే విసిరేసిన సంగతి. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. ఇంత బాగా చెప్పగల మనిషి ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నదా అని కెజియాకు కోపం వచ్చింది. అయినా నవ్వు ఆగలేదు.

"ఆ తర్వాత?" అంది.

నీళ్లు అటక అంచుకు వచ్చాయి. కెజియా పెంకులు తోసి, తల బయటపెట్టి అరిచింది. ఎంతసేపు అరిచిందో, చివరికి జాలర్ల పడవ ఒకటి అటు తిరిగింది.

సాయంత్రం బడిలో పెట్టిన శిబిరానికి టైటస్ పరుగున వచ్చాడు. కెజియా అతని చొక్కా పట్టుకుంది.

"నేను మా అమ్మ దగ్గరికి పోతాను. నాలుగు రోజులుండి వస్తా."

"ఇల్లు బురదలో ఉంటే ఇప్పుడెందుకు?"

కెజియా నోరు తెరిచేలోపే రెబెక్కమ్మ బొంగురు గొంతుతో అంది.

"పోనీరా. వాళ్లమ్మ దగ్గర కడుపునిండా వదరనీ. బురద మనం ఎత్తుదాం."