బాకీ పడిన వెండి కళ్ళు

కోరిక తీరనప్పుడు మొక్కు చెల్లించాలా, అక్కర్లేదా? ఈ అనుమానం భాగ్యలక్ష్మిని కొన్నేళ్ళుగా తొలుస్తూనే ఉంది. పెద్దకూతురు నవత కుడికన్ను తెల్లబడిపోతున్న రోజుల్లో, ఆసుపత్రి వరండాలో కొంగు చాపి, "తల్లీ, నా బిడ్డ చూపు నిలబెట్టు, నీకు వెండి కండ్లు పెడత" అని పోచమ్మకు మొక్కుకుంది. చూపు నిలవలేదు. ఇవ్వని వరానికి బాకీ ఏమిటని ఒక మనసు అనేది. దేవతతోనే లెక్కలు చూస్తావా అని ఇంకో మనసు గద్దించేది. రోజూ సంజెదీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు మాత్రం ఆమె అమ్మవారి పటం వైపు నేరుగా చూడలేకపోయేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం సూరత్ నగరంలో, నవాగామ్‌లోని వాళ్ళ రెండు గదుల ఇంట్లో తల్లీ పెద్దకూతురూ చాప మీద కూర్చుని చీరలకు రాళ్ళు అతికిస్తున్నారు. రింగ్ రోడ్ మార్కెట్టు నుంచి మూటల్లో వచ్చే చీరలవి. నవత తల కాస్త కుడికి తిప్పుకుని పని చేస్తుంది. గుడ్డ ఎంత దూరంలో ఉందో ఒంటికంటికి తేలిగ్గా అందదు. అందుకని ముందు చిటికెనవేలు చీరకు ఆనించి, ఆ తర్వాతే రాయి దించుతుంది. ఆ చిటికెనవేలును చూసినప్పుడల్లా భాగ్యలక్ష్మి చూపు పక్కకు తిప్పుకుంటుంది. పక్క ఊరు సచిన్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, రాత్రి పని చేసి వచ్చిన భర్త గోపాల్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చిన్నకూతురు రుచిత బడి మైదానం నుంచి వచ్చింది. కళ్ళజోడుకు ఒక కాడ లేదు. దారంతో చెవికి కట్టుకుంది.

"మల్ల ఇరగ్గొట్టినవా?" అంది తల్లి.

"నేనేడ ఇరగ్గొట్టిన? ఖోఖోల పోల్ తాకింది. కోచ్ సార్ ఏమన్నడంటే, అద్దాలు ఊడిపడే పిల్లను టీమ్‌ల ఎట్ల పెట్టుకుంట, లెన్సులు పెట్టుకోమని చెప్పిండు."

లెన్సులు అన్న మాటకు గోడవైపున్న గోపాల్ ఇటు తిరిగాడు.

"ఆ మాట ఇంట్ల ఎత్తొద్దని చెప్పిన్నా లేదా? ఒక కన్ను తిన్నది సాలదా దానికి?"

"అక్కకట్లయితే నేనేం జేసిన బాపూ?"

అనేసి తనే నాలుక కరుచుకుంది. నవత చేతిలో రాయి పక్కన పెట్టి నవ్వింది.

"అరె చష్మిష్, నా కన్ను మీద నీ పంచాయితేందే?" అని, తండ్రి వైపు తిరిగింది. "బాపూ, డాక్టరమ్మ దగ్గరికి తీస్కపోదాం. ఆమె వద్దంటే వద్దు. మనింట్ల మనమే అనుకుంటే గిట్లనే ఉంటది."

అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్న పిల్ల ఆ మాట అంటే కాదనే నోరు ఎవరికుంటుంది?

నవత సంగతి చదివేవారికి చెప్పాలి. రుచిత ఇప్పుడున్న వయసులోనే నవత కూడా లెన్సులు కావాలంది. నవరాత్రుల్లో గర్బా ఆడే పిల్లలు దాన్ని చష్మిష్, కళ్ళజోడుదానా అని పక్కకు నెట్టారు. పిల్ల అన్నం మానేసింది. చివరికి గోపాల్ ఒక కళ్ళద్దాల దుకాణానికి తీసుకెళ్ళి లెన్సులు ఇప్పించాడు. డాక్టరు చూడలేదు. ఎలా వాడాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ చలికాలం గడవకముందే కన్ను పుండుపడింది. ఆసుపత్రిలో, ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడిగితే పిల్ల పెదవి విప్పలేదు. పొగరు అనుకున్నారు. భయం అనుకున్నారు. మరెవరూ అడగలేదు.

డాక్టర్ ఉషాదేవి గోదావరి వైపు మనిషి, సూరత్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు. భాగ్యలక్ష్మి కూతుళ్ళిద్దరినీ ఆమె దగ్గరికి తీసుకెళ్ళింది. రుచిత కళ్ళు పరీక్ష చేసి, పిల్లనే ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"లెన్సు ముట్టుకునే ముందు ఏం చేస్తావు?"

"సబ్బుతోని చేతులు కడిగి, మంచిగ తుడుసుకుంట."

"పడుకునేటప్పుడు?"

"తీసేస్త. స్నానానికి పోయేటప్పుడు గూడ."

"బాగా తెలుసుకున్నావే. సరే, ఒకరోజు కన్ను ఎర్రబడింది, మండుతోంది. అప్పుడు?"

"తీసేసి అక్కకు చెప్త."

డాక్టరు కలం ఆగింది. "అక్కకా? అమ్మకి చెప్పవా?"

రుచిత తల వంచుకుని గౌను అంచు మెలితిప్పింది. డాక్టరు భాగ్యలక్ష్మి వైపు తిరిగింది.

"మిమ్మల్ని ఒకటి అడుగుతానమ్మా. మీరు పనిలో ఉన్నారు. చీరలు తెల్లారేసరికి ఇవ్వాలి. పిల్ల వచ్చి, కన్ను మండుతోందమ్మా అంది. మీ నోట్లోంచి ముందు వచ్చే మాట ఏంటి?"

"ఏమంట మేడం, ముందుగాలనే చెప్పిన గద, నొచ్చిందని నా దగ్గరికి రావొద్దని..."

సగంలో ఆగిపోయింది.

"అప్పుడు గూడ గిదే మాట అన్నవమ్మా," అంది నవత. గొంతులో నిష్ఠూరం లేదు, అదే తల్లి గుండెను కోసింది. "లెన్సులు తెచ్చిన నాడు. 'కొనిపిచ్చుకున్నవ్ గద, రేపు కండ్లు మండుతున్నయని నా దగ్గరికి రాకు' అన్నవు. నేను సరే అన్న."

"నవ్వులాటకు అన్ననేమో బిడ్డా..."

"నువ్వెట్ల అన్నవో ఏమో. నేనైతే మాట మీద నిలబడ్డ. లెన్సుల సీసల మందునీళ్ళు అయిపోయినయి. అడిగితే మల్ల లొల్లి. దేవుని గూట్ల తీర్థం ఉండె. తీర్థం ఎన్నడు చెడిపోదు, దానికి ఏ మైల అంటదని నువ్వే చెప్తుంటివి. లెన్సులు రాత్రిపూట అండ్ల వేసి పెట్టిన. దేవుని నీళ్ళు గద, మంచిదే అనుకున్న."

భాగ్యలక్ష్మి ఆ తీర్థం చెంబును ప్రతి శుక్రవారం చింతపండుతో తోమిన చేతులనే చూసుకుంటూ ఉండిపోయింది.

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "అమ్మా, తీర్థం మీద మీ నమ్మకం తప్పని నేను అనను. అది నాలుకకి. గంగాజలమైనా, కాచి చల్లార్చిన నీళ్ళైనా లెన్సుకి మాత్రం తగలకూడదు. నీళ్ళలో మనకి కనపడనంత చిన్న క్రిములు ఉంటాయి. తాగితే ఏమీ చేయకపోవచ్చు. లెన్సు కింద చేరితే కన్నునే తినేస్తాయి. ఇది ఆ పిల్లకి చెప్పవలసినవాళ్ళు చెప్పలేదు. ఇంకో సంగతి. నా దగ్గరికి వచ్చే ప్రతి తల్లీ, ఏ వయసుకి లెన్సులు పెట్టొచ్చండీ అనే అడుగుతుంది. వయసు ఒక్కటే చూస్తే సరిపోదు. చేతులు కడుక్కునే పిల్ల కావాలి, నొప్పి అనగానే తిట్టు పడని ఇల్లు కావాలి. మీ చిన్నమ్మాయి సిద్ధంగానే ఉంది. ఇల్లే ఇంకా సిద్ధం కాలేదు."

ఆ రోజు లెన్సులు రాయలేదు. ఆటకు వెనక పట్టీ ఉండే కళ్ళజోడు రాసింది. నెల తర్వాత రమ్మంది. "ఈ నెలంతా రోజూ మీరే అడగండి, కళ్ళెలా ఉన్నాయని. అడగడం మీకు, చెప్పడం పిల్లకి అలవాటు కావాలి."

ఇంటికి వస్తూ, వీధి మలుపులో, వలస వచ్చిన తెలుగువాళ్ళు కట్టుకున్న చిన్న పోచమ్మ గుడి దగ్గర భాగ్యలక్ష్మి ఆటో ఆపించింది. రుచితను ఇంటికి పంపి, నవతను మెట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుంది. ఇన్నేళ్ళలో అడగని మాట అప్పుడు అడిగింది.

"మస్తు నొచ్చిందా బిడ్డా, అప్పుడు?"

"ఇప్పుడెందుకమ్మా అవన్ని?"

"చెప్పు."

"ఇసుక పోసి నూరినట్టుండె. లైటు చూడరాకపోయేది. ఒకనాడు రాత్రి నువ్వు చీరలకు రాళ్ళు పెడ్తున్నవు. వచ్చి నీ ముందట కూసున్న. నా అంతట నేను చెప్పొద్దు గద. నువ్వు మొకం చూసి అడుగుతవేమో అని."

"నేనేమన్న?"

"వెలుగుకు అడ్డమొస్తున్నవ్, జర పక్కకు జరుగు అన్నవు."

భాగ్యలక్ష్మి కూతురి తల ఒడిలోకి లాక్కుని, వీధిలో జనం చూస్తున్నారని కూడా చూడకుండా ఏడ్చింది. నవత కూడా ఏడ్చింది. చూపున్న కన్నుతో సమానంగా చూపులేని కన్నూ ఏడ్చింది.

మన ఇళ్ళలో పిల్లలకు అనుమతి ఉత్తగా దొరకదు. సరే అంటూనే దానికొక ముడి వేస్తాం: రేపు ఏమైనా అయితే నన్ను అనకు, నా దగ్గరికి రాకు. ఆ మాట మనం గుమ్మం దాటకముందే మరిచిపోతాం. పిల్లలు మరిచిపోరు. మంచి పిల్లలు అసలే మరిచిపోరు.

మంగళవారం నాడు ఇంటిల్లిపాదీ గుడికి వెళ్ళారు. భాగ్యలక్ష్మి కొంగు విప్పి చిన్న వెండి కళ్ళ జత తీసింది. గోపాల్ ఆశ్చర్యపోయాడు.

"కన్ను రాలే గదనే. ఇంక మొక్కేంది?"

"బిడ్డ కండ్లకు గాదు," అంది భాగ్యలక్ష్మి. "బిడ్డ నా ముందట కూసుంటే కానరాలే నాకు. పొద్దందాక దేవునికే మొక్కుకుంట కూసున్న. గుడ్డివి నా కండ్లు. అవి ఇప్పుడు తెరుసుకున్నయి. అమ్మవారికి ఎగ్గొడ్తనా?"

రుచిత కొత్త కళ్ళజోడు పట్టీ సవరించుకుంటుంటే, "కండ్లెట్లున్నయే?" అని అడిగాడు గోపాల్, మొదటిసారి. "కుడిది జర దురద పెడ్తుంది బాపూ," అందా పిల్ల వెంటనే. "తిరిగిపోయేటప్పుడు డాక్టరమ్మకు చూపిద్దాం," అన్నాడు.

పసుపు తడిపి, వెండి కళ్ళు నవత చేతిలో పెట్టింది తల్లి. నవత తల కాస్త కుడికి తిప్పుకుంది. చిటికెనవేలు ముందు అమ్మవారి చెంపకు ఆనించి, ఒక కన్ను దించింది. తర్వాత రెండోది. ఈసారి భాగ్యలక్ష్మి చూపు తిప్పుకోలేదు. పిల్ల నొప్పి పిల్ల నోట వినడమే తల్లిదండ్రుల మొదటి మొక్కు అని తెలిసిన నాడు, ఆమె పాత బాకీ తీరింది.