నేస్తం అన్న మాట

మధ్యాహ్నమైనా కరెంటు రాలేదు. ఫుట్‌బాల్ జట్టు బనీన్లు ఇరవై రెండూ పైడితల్లి చేత్తోనే ఉతికింది. రోజుకు నాలుగువేల ఎనిమిది వందల క్యాట్ల కూలి. కరెంటు ఉన్నా అంతే, లేకపోయినా అంతే. సగం ఆరేసిందో లేదో, రిజిస్ట్రారు రాజమోహన్ గారు రమ్మన్నారని కబురొచ్చింది. తడిచేతులు లుంగీకి తుడుచుకుని వెళ్లింది.

బర్మాలో సైన్యం గద్దెనెక్కి రెండేళ్లు కావస్తోంది. తామ్వేలోని ఆ మత విశ్వవిద్యాలయానికి బయటి లోకంతో మిగిలిన సంబంధం ఒక్క క్రీడాసంఘమే. ఇప్పుడు ఆ సంఘం ఒక ప్రశ్న పంపింది: మగవాణ్ణి ప్రేమించాడని ఒక ఆటగాణ్ణి హాస్టలు నుంచి గెంటేశారట, నిజమేనా? నిజమైతే సభ్యత్వం రద్దు.

నిజమే. ఆ ఆటగాడు తూరా, బర్మా కుర్రవాడు. అతణ్ణీ పైడితల్లి కొడుకు కృష్ణకుమార్‌నూ ఒకచోట చూసి, మతం మంటగలిసిందన్నాడు వార్డెను. కృష్ణకుమార్‌ను గదిలో పెట్టి తాళం వేశారు. గోల్‌కీపర్ అతనే, అతను లేకపోతే జట్టు ఆడదు మరి. తూరాను మాత్రం కర్ఫ్యూ వేళ పెట్టెతో సహా బయటికి నెట్టారు. తెల్లారేసరికి తూటా తగిలి వీధిలో పడి ఉన్నాడు. విశ్వవిద్యాలయం సంతాపసభ కూడా పెట్టింది. చచ్చినవాళ్లను ప్రేమించడం దానికి బాగా చేతనవును.

ఆనాటి నుంచి పైడితల్లి హాస్టలు వెనక తన గదికి గడియ వేయడం మానేసింది. సైనికులు ఇళ్లలో దూరుతున్న రోజుల్లో తలుపు తీసి పడుకునే మనిషి ఊరంతటికీ ఆమె ఒక్కతే. ఎందుకో కొడుక్కి కూడా చెప్పలేదు.

ఆఫీసులో కృష్ణకుమార్ గోడవారగా నిలబడి ఉన్నాడు. రాజమోహన్ కాగితం జరిపాడు.

"తూరా తన ఇష్టంతోనే ఎల్లిపోయాడని ఏలిముద్ర వేసీ, పైడితల్లీ. మీవోడి చదువు నిలబడతాది. లేదంటే పేరు కొట్టేస్తారు, నా చేతిలో ఏటీ లేదు. ఇంతకీ ఆ అబ్బాయి మీవోడికి ఏటవుతాడు?"

"నేస్తం బాబూ. నానే కట్టించినాను, ఇద్దరికీ కొత్త బట్టలెట్టి."

రాజమోహన్ ముఖం వికసించింది. పాము చావకుండా కర్ర విరగకుండా మాట దొరికింది. "అదే రాస్తాను. వట్టి స్నేహితుడు!"

కొట్లు పెట్టుకున్నవారి బిడ్డ రాజమోహన్, బట్టలు పెట్టి ఇద్దరిని జన్మంతా చుట్టాలుగా ముడివేసే నేస్తరికం మరిచిపోయాడు. ఓడరేవు పనికి వలసొచ్చిన పైడితల్లివాళ్ల తెలుగు కూలీలు మరవలేదు.

"వట్టిది కాదు బాబూ. నేస్తం పోతే మాం మైల పడతాం. ఈడు పదిరోజులు ఉప్పు ముట్టనేదు. ఆలిద్దరూ ఎలాగుండీవోరో నాకు తెల్దా? తెలిసే కట్టినాను. మా కాడ ఉన్న మాట అదొక్కటే."

"ఏలిముద్ర..."

"ఎయ్యను. గెంటీసినారని రాయండి."

"ఎవరు చూశారు?"

పైడితల్లి కొడుకు వైపు చూడలేకపోయింది. ఇన్నాళ్లుగా ఆమె భయమంతా ఈ క్షణం గురించే.

"నాను. బైటికి తోసినాక మా తలుపే కొట్టినాడు. అమ్మా అన్నాడు. కొలువు పోద్దని నాను తియ్యనేదు. అదీ రాయండి, అప్పుడేస్తాను ఏలు."

 కృష్ణకుమార్ గోడ వదిలి తల్లి ఎదుటికి వచ్చాడు.

"ఎంతసేపు కొట్టినాడమ్మా?"