తెచ్చి కూర్చో

అంట్లతోపాటే వెల్డింగ్ అద్దాన్ని కూడా తోమింది మాబున్నీ. అరచేయంత నల్లటి పలక. సులై పారిశ్రామికవాడలో భర్త జిలానీ ఫోర్‌మన్‌గా ఉన్న వర్క్‌షాపులో అంచు విరిగిందని పారేయబోతుంటే అడిగి తెప్పించుకుంది. ఇచ్చేటప్పుడు అతను నవ్వాడు. "దీంతో ఏం చేస్తావు మాబూ, గ్రహణం చూస్తావా?"

కెమెరా మాత్రం కింది అంతస్తు జయది. కాకినాడ నర్సు. ఫైనల్ ఎగ్జిట్ మీద, ఈ అరబ్బు దేశం వదిలి పూర్తిగా వెళ్ళిపోతూ, "లగేజీ ఎక్కువైపోయిందండి, మీరుంచుకోండి" అని పాత కెమెరా, మూడు కాళ్ళ స్టాండు, చివర బొత్తం ఉన్న ఒక తీగ చేతిలో పెట్టింది. ఈ బొత్తం నొక్కి పట్టుకున్నంత సేపూ కెమెరా కన్ను తెరిచే ఉంటుందని, ఎండలో తీయాలంటే ముందు నల్లద్దం కట్టాలని చూపించింది. నిజానికి లగేజీ అంత ఎక్కువేమీ లేదు. ఆ సంగతి మాబున్నీకి తెలుసు.

మొదటి ఫోటో సున్నం కొట్టిన గోడలా తెల్లగా వచ్చింది. రెండోదానికి గాలి తగిలి, ఎదురు భవనం పక్కనే దాని కవల ఒకటి నిలబడింది. మూడోదాంట్లో అద్దం అంచు నుంచి వెలుగు దూరి అడ్డంగా చార పడింది. నాలుగోసారి అద్దాన్ని రబ్బరు బ్యాండ్లతో బిగించి, చుట్టూ నల్ల టేపు వేసింది. నంద్యాలలో బి.ఎస్సీ. ఫిజిక్స్ చదివిన మనిషి. పెళ్ళయ్యాక ఆ చదువుతో ఎవరికీ పని పడలేదు. ఇప్పుడు అంట్లు తోముతూనే ఎంత ఎండకు ఎన్ని సెకన్లో తడివేలితో గట్టు మీద లెక్క వేసుకునేది. ఆ లెక్క ఆరిపోయేలోగా మేడ మెట్లెక్కేది.

నీళ్ళ ట్యాంకుల మధ్య స్టాండు నిలిపి, కింద ట్రెయిలర్లు బారులుగా పరుగెడుతున్న రోడ్డుకేసి కెమెరా తిప్పి, బొత్తం నొక్కి ముప్పై లెక్కపెట్టింది. తెర మీద బొమ్మ చూసి నోటికి చేయడ్డం పెట్టుకుంది. రోడ్డు ఖాళీగా ఉంది. ఒక్క బండి లేదు. హారన్లు చెవుల్లో మోగుతూనే ఉన్నాయి, బొమ్మలో మాత్రం నున్నటి రోడ్డు, పక్కన ఆగి ఉన్న ఒక నీళ్ళ ట్యాంకరు, దాని నీడలో చెప్పులు విడిచి కూర్చున్న ఒక మనిషి. అద్దం రంగుకు అంతా లేత ఆకుపచ్చగా, చెరువు అడుగున ఉన్న ఊరిలా ఉంది. కదిలేవన్నీ పోయాయి. కూర్చున్నవాడు మిగిలాడు. మాబున్నీ ట్యాంకుల మధ్య ఒక్కతే పకపకా నవ్వింది. పదకొండేళ్ళలో ఈ ఊళ్ళో అంత గట్టిగా నవ్విన గుర్తు లేదు.

జిలానీ ఫోటో చూసి, "ఖాళీ రోడ్డు కోసం ఇంత తిప్పలా? శుక్రవారం పొద్దున్నే పోతే ఊరికే ఖాళీగా ఉంటుంది గదా" అన్నాడు. ఫోన్లో అత్తగారు, "ఇద్దరు మనుషుల ఇల్లు. పనేముండాది, పొద్దుపోక చేస్తాంది లే" అంది. వాటిని పట్టించుకునే తీరిక లేదు మాబున్నీకి. ఆమె తలనిండా ఒకటే ఆలోచన: ఇంట్లో తీస్తే ఎలా ఉంటుంది? తను కూడా ఉన్న ఫోటో ఒకటి కావాలి.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక జిలానీ స్నేహితులిద్దరు భోజనానికి వచ్చారు. డ్రైవరు ఖయ్యూమ్‌ది నంద్యాలే, మెయింటెనెన్సు పని చేసే భూమేష్‌ది ఆర్మూరు. మాబున్నీ నేలమీద భోజనాల గుడ్డ, సుఫ్రా పరిచి, వేట పలావు మధ్యలో పెట్టి, మూలన కెమెరా నిలిపింది. ఇంట్లో వెలుతురుకు ఆ నల్లటిది పనికిరాదని, అదే వర్క్‌షాపు నుంచి తెప్పించిన, గ్యాస్ కటింగ్‌కు వాడే పలచటి రంగు అద్దం తగిలించింది. నొక్కి పట్టుకునే పని లేకుండా బొత్తాన్ని పైకి జరిపి లాకు వేసింది. "మూడు నిమిషాలు. ఎవరూ లేవద్దు" అంది. మగవాళ్ళు ముగ్గురూ బుద్ధిగా తలూపి తినడం మొదలుపెట్టారు.

మూడు నిమిషాల తర్వాత నలుగురూ తెర చుట్టూ తలలు చేర్చారు. జిలానీ ఉన్నాడు. ఖయ్యూమ్, భూమేష్ ఉన్నారు, ముఖాలు కాస్త అలికినట్టున్నా. ఊరగాయ సీసా, టిష్యూ డబ్బా నిక్షేపంగా ఉన్నాయి.

"వదినా, నువ్వేడున్నవ్? కనవడ్తలేవు" అన్నాడు భూమేష్.

"కెమెరాలో ఏందో తప్పుండాది" అన్నాడు జిలానీ. "ఈడనే ఉంటివి గదా."

మాబున్నీ బొమ్మను పెద్దది చేసింది. సుఫ్రా మీద బోర్లించిన తన పళ్ళెం. వంటింటి గుమ్మం దగ్గర పొగలాంటి ఆకుపచ్చ చార, అంతే. తప్పు కెమెరాది కాదు. ఆ మూడు నిమిషాలు ఆమెకు వరసగా గుర్తొచ్చాయి. 'నిమ్మకాయ తెచ్చి కూర్చో.' 'ఏసీ తగ్గించి కూర్చో.' 'ఖయ్యూముకు ఇంకింత వడ్డించి కూర్చో.' జిలానీ చెడ్డవాడు కాదు. లే అని ఆమెను ఎన్నడూ అనలేదు. పదకొండేళ్ళుగా పూటకు పదిసార్లు కూర్చోమనే అన్నాడు. ప్రతి 'కూర్చో'కూ ముందు ఒక 'తెచ్చి' ఉండేది, ఒక 'తీసి', ఒక 'వేసి'. ఆ ముందు మాట అయ్యేసరికి ఆ 'కూర్చో' చల్లారిపోయేది.

ఏడుపు రావాలేమో. రాలేదు. మేడ మీద నవ్విన నవ్వే మళ్ళీ పెదాల మీదికి వచ్చింది. లెక్క సరిపోయింది మరి. కదిలేవి పోతాయి.

"ఇంకోటి తీస్తా" అంది.

ఈసారి లాకు వెయ్యలేదు. తీగ పట్టుకొచ్చి సుఫ్రా దగ్గర బాసిపట్లు వేసుకుని, పళ్ళెం తిప్పి, పలావు వడ్డించుకుంది. ఎడమ బొటనవేలితో బొత్తం నొక్కింది. మొదటి ముద్ద నాలుక కాల్చింది. తన వంట ఇంత వేడిగా ఉంటుందా? అడుగున లవంగం ఘాటు కూడా తెలుస్తోంది.

"మాబూ, పెరుగు తెచ్చి కూర్చో."

"బొత్తం పట్టుకోనుండా. లేస్తే ఫోటో పోతుంది."



"అన్నా, వదిన ఫోటో ఖరాబ్ జేయకు. నువ్వే లే" అన్నాడు భూమేష్.

జిలానీ లేచాడు. వంటింట్లోంచి గొంతు వినిపించింది. "పెరుగు యాడుండాది?"

"ఫ్రిజ్జులో."

"ఫ్రిజ్జులో యాడ?"

"తలుపు తీస్తే కనపడుతుంది."

ఖయ్యూమ్‌కు పొలమారింది. "నీళ్ళు..." అని మాబున్నీ వైపు చూసి, ఆమె బొటనవేలు చూసి, తనే లేచాడు. లోపల ఏదో గిన్నె దొర్లింది. ఆ చప్పుడులో నూట ఎనభై లెక్క పూర్తయింది. మాబున్నీ వేలు వదిలింది. మూలన కెమెరా టక్కుమంది. ఎవరికీ వినపడలేదు.

జిలానీ పెరుగు తెచ్చాడు, గరిటె మరిచిపోయి మళ్ళీ వెళ్ళాడు. తిరిగొచ్చి, ఆమె పక్కనే మెల్లగా కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు. "అయిందా?"

"ఇంకా ఉంది" అని, మాబున్నీ మరో గరిటె పలావు వేసుకుంది.